చెయ్యి ఆగినా ఆగని పాట

మంగళవారం, మొదటి షిఫ్టు తర్వాత

తలుపు అంచున పేరుకున్న మంచు గీకేశాను. గాలి వడకట్టే గుడ్డ మార్చాను. గోంగూర తొట్టిలో రెండు మొక్కలు పసుపు తిరిగాయి. వేడిదీపాన్ని కాస్త దగ్గరికి జరిపాను. గదిలో ఒంటరిగా ఉండేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి పంపాలన్నది మా బాయి నియమం. బతికే ఉన్నామని తెలియడానికట. ఎవరు చదువుతారో నాకు తెలియదు.

పేరు దుర్గం ఎస్తేరు. పని, వాద్యబృందానికి కండక్టర్. చిన్నప్పుడు ఈ మాట చెబితే మా అమ్మమ్మ, "ఈడ బస్సులు యాడున్నయే, టికెట్లు కొట్టనీకి?" అని పడీపడీ నవ్వింది. ఆమె భూమి మీద, గోదావరి పక్కన బొగ్గుగనుల్లో పుట్టిన మనిషి. అక్కడ గనిని బాయి అనేవారు. ఈ మంచు చంద్రుడి కడుపులో తవ్విన ఊరికి ఆ పేరు పెట్టింది ఆమె తరంవాళ్ళే.

ఇవాళ సాధన బాగానే జరిగింది. ముప్పైమంది వాద్యకారులు, ముప్పై గదులు. నా వేలికి ఒక ఉంగరం తొడుక్కుంటాను. చెయ్యి ఎటు కదిలితే, వాళ్ళ వాళ్ళ గోడల మీద ఒక వెలుగుచుక్క అటు కదులుతుంది. వాళ్ళకు నేను ఆ చుక్కను. నాకు వాళ్ళు చెవుల్లో శబ్దం. దృశ్యాలు మోసేంత బలం మా తీగలకు లేదు.

ఈమధ్య ఎవరినీ ఆపి సరిదిద్దాల్సిన పనే పడటం లేదు. ముగిశాక "అందరూ చక్కగా వాయించారు" అన్నాను. చెల్లో వాయించే నూర్జహాన్ ఒక్కతే "సరే అక్కా" అంది.

బుధవారం, రెండో షిఫ్టు

భుజం పట్టేసింది. కుడి చెయ్యి చెవిదాకా కూడా లేవడం లేదు. వైద్యశాల నుంచి నూనె పంపారు. పట్టించడానికి రెండో మనిషి కావాలి. తలుపు గడియకు గుడ్డ కట్టి, దానికి నూనె రాసి, వీపు దానికేసి రుద్దుకున్నాను. నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా గదిలో మరీ గట్టిగా వినిపించి ఆపేశాను.

మా గురువు పోశెట్టి మాస్టారు నన్ను అద్దం ముందు నిలబెట్టి చెయ్యి ఆడించడం నేర్పారు. ఆయన పెద్దగదిలో, మనుషుల ఎదుట నిలబడి వాయింపజేసినవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నేనూ అమ్మమ్మా లోపల ఉండగా, ఆ గది పైకప్పు పగిలింది. లోపల ఉన్నవాళ్ళలో చాలామంది బయటికి రాలేదు. అప్పటి నుంచి ఏ గదిలోనూ ఆరుగురికి మించి ఉండకూడదు. ఏడో మనిషి వస్తే తలుపు తెరుచుకోదు. బతికి బయటపడ్డ మాస్టారు, పోయినవాళ్ళ కోసం ఒక పాట కట్టారు. దాని పేరు 'దిగుడు పాట.' మొదటి షిఫ్టు లోపలికి దిగుతున్నప్పుడు వినిపించే అడుగులతో మొదలవుతుంది. శుక్రవారం కచేరీ ఎప్పుడూ దానితోనే ముగుస్తుంది. ఆ కాసేపు బాయి మొత్తం ఒకే పని చేస్తుంది, వింటుంది.

మాస్టారు ఒకసారి అడిగారు. "ఎస్తేరూ, కండక్టరుకూ మిగతావాళ్ళకూ తేడా ఏంది చెప్పు?"

"ముందు నిలబడటం."

"కాదు. మిగతావాళ్ళు ఒక్కళ్ళే ఉన్నా వాయించుకుంటరు. నువ్వు ఒక్కదానివే ఉంటే నీ దగ్గర శబ్దం ఉండదు."

ఆయన పోయాక ఆ ఉంగరం నాకు వచ్చింది. ఈ పనిలో నా జుట్టు నెరిసింది. నా వాద్యకారుల్లో ఎక్కువమంది ముఖాలు నేను చూడలేదు.

గురువారం, రెండో షిఫ్టు

ఇది జాగ్రత్తగా రాయాలి.

దిగుడు పాట సగంలో భుజంలో కత్తి దించినట్టయింది. చెయ్యి గాలిలోనే బిగుసుకుపోయింది. చుక్క ఆగిపోయి ఉంటుంది. చుక్క ఆగితే పాట తడబడాలి, చెదరాలి, ఆగాలి. చెల్లో ఆగింది. ఒక వయొలిన్ తడబడింది. డప్పు రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి ఊరుకుంది. మిగతా పాట మాత్రం ఆగలేదు. నేనక్కడ లేనట్టే, ఎప్పుడూ లేనట్టే, చక్కగా సాగిపోయింది. ఆగిన చెల్లో కూడా రెండు క్షణాల్లో మళ్ళీ వినిపించింది.

"నూర్జహాన్, మళ్ళీ మొదలుపెట్టావా?" అని అడిగాను.

"లే అక్కా. కమాను ఇంక ఒళ్ళోనే ఉన్నది. నువ్వు ఆపినవు గదా?"

నా చెవుల్లో ఆమె చెల్లో ఇంకా మోగుతూనే ఉంది.

అది సోదెమ్మ పని. నిరుడు మంచు కదిలి తీగలు తెగాక, శబ్దం పాత పెట్టెల గుండా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఒక్కో పెట్టె దగ్గర కన్ను ఆర్పేంత ఆలస్యం. ముప్పైమందికి ముప్పై రకాల ఆలస్యాలు. అలా కలిసి వాయించడం ఎవరి తరమూ కాదు. తీగల పని చూసే రాజమల్లు అప్పుడొక యంత్రం పెట్టాడు. ఒక మనిషి ఇన్నాళ్ళూ ఎలా వాయించాడో అంతా విని, తర్వాతి స్వరం ఏమిటో అది ముందే చెబుతుంది. శబ్దం చేరేలోపు ఆ సందు పూడ్చుతుంది. దానికి పెద్ద పేరేదో ఉంది. జనం సోదెమ్మ అంటారు.

కన్ను ఆర్పేంత సందు పూడ్చడానికే కదా దాన్ని పెట్టింది?

శుక్రవారం, మొదటి షిఫ్టు

రాజమల్లుకు ఫోన్ చేశాను. సోదెమ్మను కాసేపు ఆపమన్నాను.

"వద్దక్కా. పాట ముక్కలు ముక్కలైతది."

"కానియ్యి. కచేరీకి ముందు ఒక్కసారి విననియ్యి."

 చివరికి ఆపాడు. వాద్యకారులందరికీ సాధన అని కబురు పెట్టాను. చెయ్యి ఎత్తాను, ఎత్తగలిగినంత. దించాను.

చెల్లో వచ్చింది. కాస్త ఆలస్యంగా ఒక వయొలిన్, ఇంకా ఆలస్యంగా మరొకటి. ఎక్కడో దూరంగా డప్పు. సన్నగా ఒక వేణువు. అంతే. దిగుడు పాటలో క్లారినెట్ ఒంటరిగా పైకి లేచే చోటు వచ్చింది. ఏమీ లేచి రాలేదు. చెవులకు పెట్టుకున్నవి చెడిపోయాయేమోనని తీసి చూశాను.

"అక్కా," అంది నూర్జహాన్, "కడమోళ్ళేరి? మేం ఐదుగురమేనా?"

రాజమల్లును అడిగాను. 

"నాకు కొన్ని నెలల సంది ఎరుక," అన్నాడు. "ఒక్కొక్కలు మానుకుంట వచ్చిన్రు. నేను సోదెమ్మకు హద్దు పెంచిన. రెప్పపాటు పోయి నిమిషమైంది, నిమిషం పోయి మొత్తం పాటైంది."

"నాకు చెప్పాలని అనిపించలేదా?"

"చెప్తే ఆపేస్తవు. మా అమ్మ మంచం దిగి శానా రోజులాయె. శుక్రవారం పాట టైముకు మాత్రం తలగడ ఆనిచ్చుకొని లేసి కూసుంటది. ఎవలు వాయించిన్రో ఆమెకెందుకక్కా? పాట ఉన్నదా, లేదా?"

నేను ఫోన్ పెట్టేశాను.  

శుక్రవారం, కచేరీ తర్వాత

రాజమల్లు సోదెమ్మను మళ్ళీ నడిపించాడు. నేను ఉంగరం తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. కచేరీ అంతా ఆ చెయ్యి కదల్లేదు.

ఒక్క తప్పు లేకుండా జరిగింది. దిగుడు పాటలో క్లారినెట్ లేచినప్పుడు నా ఒళ్ళు జలదరించింది కూడా. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఎప్పటిలాగే గదుల నుంచి మెప్పులు వచ్చాయి. ఎగువ వరస నుంచి ఎవరో రాశారు: "ఇవాళ ఎప్పటికన్నా బాగుంది. మీ చెయ్యి చల్లగుండ."

ఆదివారం

అనుమతి తీసుకుని దిగువ వరసకు వెళ్ళాను. రెండు లిఫ్టులు, ఒక పొడుగాటి సొరంగం. మోకాళ్ళదాకా వచ్చే బూట్లు, రెండు కోట్లు. దారిలో ఒక షిఫ్టు ఎదురొచ్చింది. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు, పట్టే వీలూ లేదు.

క్లారినెట్ వాయించే ఆగమయ్య గది చివరిది. నా బృందంలో అందరికన్నా పెద్దవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన వాయించింది విన్నాను. మనిషిని చూడటం ఇదే మొదలు. తలుపు తీసిన ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"ఎవలు గావాలె?"

"నేను ఎస్తేరును. కండక్టర్‌ని."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గోడ మీది చుక్కవా? గింత పొట్టిగున్నవేంది బిడ్డా! ఎంతో ఎత్తు మనిషివనుకున్న. రా, కూసో."

చాయ్ పెట్టాడు. పెడుతున్నంతసేపూ అటు తిరిగే మాట్లాడాడు. గిన్నె నా చేతికి ఇస్తున్నప్పుడు చూశాను. పైవరస ముందుపళ్ళు లేవు.

"ఊడిపోయినయ్," అన్నాడు, నేను చూశానని గ్రహించి. "దవాఖానోళ్ళు పెట్టుడు పండ్లు ఇచ్చిన్రు. వాటితోని క్లారినెట్ పీక మీద పట్టు దొరుకుతలేదు. గాలంతా పక్కలకెళ్ళి పోతది. ఒక వారం వాయించలే. ఎవలన్న అడుగుతరేమో, ఏం జెప్పాల్నా అని రోజంతా బుగులు పడ్డ."

"ఎవరూ అడగలేదు."

"అడగలే. శుక్రవారం నాడు కూసొని విన్న. నా జాగల నేను వాయిస్తున్న! అదే మలుపు, అదే ఆపుడు. నిజం చెప్పాల్నంటే నాకంటె మంచిగ వాయించిండు వాడు." నవ్వబోయాడు, రాలేదు. "నేను సచ్చిపోయిన్నేమో, నాకే ఎరుక లేదేమో అనిపించింది. గోడను ముట్టుకొని చూసిన. సల్లగ తగిలింది. అప్పుడు, ఆ, ఉన్న అనుకున్న."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"నీకు సుత తెల్వలేనా?" అని నెమ్మదిగా అడిగాడు. తప్పు పడుతున్నట్టు కాదు. తెలుసుకోవాలని.

"తెలియలేదు."

ఆయన తల ఊపాడు. క్లారినెట్ పెట్టె మంచం కింద ఉంది. మూత మీద దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్నాడని అర్థమైంది. తీయమన్నాను.

"వద్దు బిడ్డా. గలీజుగ వస్తది."

"గలీజుగనే వాయించు. నాకు ఇనాలని ఉన్నది." అమ్మమ్మ పోయాక నా నోట ఆ యాస రావడం అదే మొదటిసారి.

తీశాడు. పెట్టుడు పళ్ళు బిగించుకున్నాడు. మొదటి స్వరం గాలితో కలిసి బుస్సుమంది. రెండోది పగిలింది. మూడోది నిలబడింది, వణుకుతూ. అంతకుమించి పోలేకపోయాడు. చెంపలు తడిసిపోయాయి, ఎందుకో ఇద్దరమూ అడగలేదు. ఎదురెదురుగా కూర్చున్నాం. నేను చెయ్యి ఆడించలేదు. ఎలా ఆడించాలో ఆ క్షణాన తోచనే లేదు.

గురువారం, మొదటి షిఫ్టు

ఈ వారమంతా తిరిగాను. కాళ్ళు వాచాయి.

ఒకామెకు బిడ్డ పుట్టింది. సాధన టైముకు పాలు. ఒకాయన షిఫ్టు మారింది. తబలా వాయించే మనిషి తలుపు తీయకుండానే, "నేను లేకున్నా నడుస్తుంది కదండీ, ఇప్పుడెందుకు వచ్చారు?" అన్నాడు. మరొకామె ఉన్న మాట చెప్పింది: "ఒక వారం వాయించలే. ఎవ్వలు అడగలే. ఇంకో వారం వాయించలే. ఆ తర్వాత మల్ల వాయించాల్నంటే సిగ్గయింది."

చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరైనా ఉంటే నాకు తేలికయ్యేది.

శుక్రవారం

కచేరీ టైముకు అన్ని గదులకూ మాట్లాడే మీట నొక్కాను. ఇన్నేళ్ళలో ఆ మీట నేను వాడలేదు. కచేరీకి మాటలతో పనేముంది?

చెప్పాను. కొన్ని నెలలుగా మీరు వింటున్న పాటలో మనుషులు ఐదుగురే ఉన్నారని, మిగతాదంతా యంత్రం వాళ్ళను పోలి వాయిస్తోందని, నేను చెయ్యి కదపకపోయినా అది నడుస్తుందని. ఇవాళ పాట ఉండదని. మనుషులు వాయించగలిగిన రోజు, వాయించగలిగినంత వాయిస్తామని.

 

 పంచాయతీ నుంచి ముందుగా తమతో ఎందుకు చెప్పలేదని అడిగారు. కొందరు తిట్టారు. ఒకరు, "మా ఇంట్లో నవ్వు వారానికి ఒక్కసారి. దాన్ని కూడా తీసేశారు" అని రాశారు. దాన్ని చాలాసార్లు చదివాను.

అన్నిటికన్నా చివర రాజమల్లు మాట్లాడాడు.

"మా అమ్మ లేసి కూసున్నదక్కా. పాట రాలే. నువ్వు మాట్లాడింది విన్నది."

"ఏమన్నది?"

"ఏం అనలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నది." తర్వాత, "నువ్వు చెప్పింది తప్పని అంటలేను," అన్నాడు. ఒప్పని కూడా అనలేదు.

ఆ తర్వాత గోంగూర తొట్టి ముందు కూర్చుని, నేను నిలబెట్టాలనుకున్నదాన్ని నేనే పడగొట్టానేమోనని ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఉంగరం అల్మరాలో పెట్టేశాను.

బుధవారం, కొన్ని వారాల తర్వాత

నూర్జహాన్ ఫోన్ చేసింది. వాళ్ళ వరసలో ఖాళీ అయిన విత్తనాల గది ఒకటి ఉందట.

"ఆరుగురం పడతమక్కా. తీగెలొద్దు, పెట్టెలొద్దు. ఒకల పక్కన ఒకలం కూసుంటం. ఆగమయ్య తాత కూడ వస్తన్నడు. పెట్టుడు పండ్లతోని రోజూ సాధన చేస్తున్నడట, పక్కింటోళ్ళు మొత్తుకుంటున్నరట!"

నవ్వాను. ఆ తర్వాత లెక్క వేసుకున్నాను. చెల్లో, రెండు వయొలిన్లు, వేణువు, డప్పు. క్లారినెట్. ఆరుగురు.

ఆమె కూడా అప్పుడే లెక్క వేసుకున్నట్టుంది. "అయ్యో అక్కా," అంది.

"వాయించండి," అన్నాను. "ఆరుగురికి కండక్టర్ అక్కర్లేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళకు కనబడుతుంది కదా."

"నువ్వు రావా?"

"వస్తాను. బయట నిలబడతాను."

శుక్రవారం, రెండో షిఫ్టు

విత్తనాల గది తలుపుకు అరచేతి వెడల్పు అద్దం ఉంది. మందపాటి అద్దం, శబ్దం రాదు. సొరంగంలో చలికి కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే దానికి ముఖం ఆనించి చూశాను.

నా వాద్యకారులు. వయొలిన్లవాళ్ళలో ఒకతను బట్టతల మనిషి, మరొకామె గర్భిణి. డప్పు వాయించే ఓదెలు నేననుకున్నట్టు కుర్రవాడు కాదు, నా వయసువాడే. నూర్జహాన్‌కు ఎడమచేతి వేళ్ళు పొడుగు. ఒకరినొకరు చూసుకుని మొదలుపెట్టారు. మధ్యలో ఆగారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఆగమయ్య బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు మూసుకున్నాడు.

నాకేమీ వినిపించలేదు. కమానులు పైకీ కిందికీ పోతున్నాయి, అంతే. వాళ్ళు నేను లేకుండానే వాయిస్తున్నారు. సోదెమ్మ కూడా నేను లేకుండానే వాయించింది. అయినా ఈసారి వేరే. ఇప్పుడు తప్పు పడితే వాళ్ళే ఆగుతున్నారు, వాళ్ళే కలుపుకుంటున్నారు. సంతోషంగానే ఉంది. ఇంతటి ఒంటరితనం పెద్దగది పగిలిన రోజు అమ్మమ్మ చెయ్యి విడిపోయినప్పుడు తప్ప నాకెప్పుడూ కలగలేదు. రెండూ నిజమే.

వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. తలుపు గాలి వదులుతూ తెరుచుకుంది. నూర్జహాన్ కోటు తొడుక్కుంటూ బయటికి వచ్చింది.

"నువ్వు లోపటికి పో అక్కా. నేనీడ నిలవడ్త."

"చెల్లో లేకపోతే అడుగుస్వరం ఉండదు."

"లేకుంటె లేకపాయె. వాళ్ళకు దిగుడు పాట మొదలుపెట్ట వస్తలేదు. ఒకలు ముందు, ఒకలు ఎనుక. తాత నీకోసం అడుగుతున్నడు." నన్ను వెనక నుంచి మెల్లగా తోసింది. "పో, సలికి సస్తున్న."

లోపలికి వెళ్ళాను. మనుషుల వెచ్చదనం ముఖానికి తగిలింది. కమానులకు పూసే గుగ్గిలం వాసన, కొబ్బరినూనె వాసన. ఐదుగురూ నన్ను చూశారు. చుక్కను కాదు, నన్ను. ఎక్కడ నిలబడాలో తెలియక గోడ పక్కనే నిలబడ్డాను.

"నడుమల్కి రా బిడ్డా," అన్నాడు ఆగమయ్య. "అందరికీ కనవడాలె గదా."

మధ్యలోకి వచ్చాను. చెయ్యి గడ్డందాకా లేచింది, అంతకు మించి లేవలేదు. ఎవరూ చూపు తిప్పుకోలేదు.

అప్పుడొక శబ్దం విన్నాను. చెయ్యి లేవడంతోనే ఐదుగురూ ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. వయొలిన్లవాళ్ళు, డప్పు ఓదెలు కూడా. ఇన్నేళ్ళలో ఏ తీగా దాన్ని నాదాకా మోసుకురాలేదు; పనికిరాని చప్పుడనుకుని పెట్టెలు వడకట్టేసి ఉంటాయి. ఐదుగురి ఊపిరి నా చేతి కింద నిండి, ఆగి ఉంది. అది నేను చేసిన శబ్దం.

కాస్త ఎక్కువసేపే పట్టి ఉంచానేమో. ఆగమయ్య కళ్ళతోనే తొందరపెట్టాడు.

చెయ్యి దించాను.